ఊగే గిలక

మూడు నెలలుగా వెనకచక్రం దగ్గర
ఒక పిట్ట అరుస్తోంది.
ఎక్కులో నా ఊపిరి చప్పుడుకి వినపడదు.
పల్లంలో తీరిగ్గా తొక్కుతుంటే మాత్రం
కీచు, కీచు, కీచు,
తోతా సరస్సు చుట్టూ, ఉల్లిమళ్ళ ఘాటులో
ఆదివారమంతా నా వెంటే.

వీధి మలుపు నేనింకా తిరగలేదు,
ఎలియేసెర్ అప్పటికే విన్నాడు.
రొట్టెల కొట్టు వెనక,
భార్య పొయ్యి వేడి గోడ దాటి వచ్చే చోట
ఆయన దుకాణం.
"పంజరంలో పిట్టకి దాహంగా ఉందే, ఓతీలియా!"

గేరు కింద వేలాడే ఆ రేకుల జతని
ఇక్కడ పంజరమనే అంటారు.
అందులో రెండు గిలకలు,
ఒకదాని కింద ఒకటి,
మిఠాయి బిళ్ళలంత.

ఒకప్పుడు జట్టుకి నీళ్ళసీసాలు మోశాడాయన.
పదకొండు పందేలు.
ఒక్క ఫొటోలోనూ మొహం లేదు,
ఒకదాన్లో మోచెయ్యి ఉంది.
దాన్ని చట్రం కట్టించి గోడకి పెట్టుకున్నాడు.
ఇప్పుడు వేళ్ళు మాట వినవు,
సన్న మర పట్టుకుంటే వణుకు.
"నువ్వే విప్పు," అన్నాడు.

రువానా తీసి మేకుకి తగిలించాను.
గొలుసు తెంపక్కర్లేదు,
మర వదులు చేసి రేకు పక్కకి తిప్పితే చాలు.
ఇరవయ్యేళ్ళ వానలు, దుమ్ము, నూనె
నల్లటి లేహ్యమై గోళ్ళలోకి దూరాయి.
పాత గిలక అరచేతిలో పడింది.
పళ్ళా అవి?
గులాబీ ముళ్ళు.
అన్నీ ఒకే వైపు వంగి.

"అసలిది చేసే పనేంటి?
కాలి బలమంతా పైవరుసలోనే పోతుంది కదా,
కిందవరుస ఊరికే తిరిగొస్తుంది."
"తిరిగొచ్చేదాన్ని పట్టుకోకపోతే
నేలమీద పడుతుంది," అన్నాడు,
గోడవైపు చూడకుండా.

బొగొతా నుంచి బస్సులో వచ్చిన పొట్లం విప్పాను.
కొత్త జతలో ఒకటి బుద్ధిగా తిరుగుతోంది.
రెండోది ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతోంది.
నాసిరకం, అనుకున్నాను.
ఉల్లి లారీల లెక్కలు రాసేదాన్ని,
తాలు సరుకు ఎక్కడ దాస్తారో నాకు తెలుసు.
ఊగేదాన్ని కిందికి తోసి
నిలకడైనదాన్ని పైన కూర్చోబెట్టాను.
ఆయన చూశాడు.
వేడి బెల్లంనీళ్ళు ఊదుకుంటూ తాగాడు.

స్టాండు మీద పెడలు తిప్పాను.
పిట్ట లేదు!
గేరు మార్చాను.
గడప దగ్గర చీకట్లో
చెప్పులు వెతుక్కునే మనిషిలా
గొలుసు రెండు పళ్ళచక్రాల మధ్య తచ్చాడింది.
మళ్ళీ మార్చాను.
టకటకటక.

"ఇప్పుడు విప్పు," అన్నాడు. "ఊగేది పైకి."
"అది లోపం కాదా?"
"వెంట్రుకవాసి తేడాతో వస్తుంది గొలుసు, ఎప్పుడూ.
పైనున్నది దానికోసం కాస్త పక్కకి జరగాలి.
కిందది జరగకూడదు."
"మొదటే చెప్పొచ్చుగా?"
"మొదటే చెబితే వినేదానివా?"

వినేదాన్ని కాదు.

మళ్ళీ విప్పాను, మార్చాను.
మర అంచుకి ఒక్క చుక్క నీలం జిగురు,
ఆపైన మణికట్టు చాలనేంత బిగింపు.
లివరు నొక్కితే ఈసారి గొలుసు
అడగకుండానే పక్కింట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది.

కూలి తీసుకోనన్నాడు, పని నాదేనట.
ఉల్లికట్ట మాత్రం వాసన చూసి పుచ్చుకున్నాడు.
పాత గిలకలు రెండూ బిస్కెట్ల డబ్బాలో వేశాడు.
లోపల మరెన్నో ఉన్నట్టుంది,
గలగలమంది.

ఇంటి దారి.
ఒక కిలోమీటరు ఏమీ లేదు,
టైరు కింద తడి, సరస్సు మీద పొగమంచు.
రెండోది కూడా ఏమీ లేదు.
మూడోదాంట్లో, ఎడమ పెడలు కింద,
ఇన్నాళ్ళూ పిట్ట అరుపు కింద దాక్కున్నదొకటి,
టిక్.